పాపికొండల్లో ఆయ్

ఏవండీ,

మీ సంవత్సరీకం అవగానే మీ తమ్ముడు నన్ను లాంచీ ఎక్కించి పాపికొండలకి తీసుకెళ్ళేడు. కొండలు చూపించమని నేను ఎప్పుడడిగినా మీరు "ఆయ్" అనేవారు. సరేనన్నారు కదా అని నేను సంబరపడేలోగా, కురిడీ కొబ్బరి బేరం చూసుకోడానికి అంబాజీపేట వెళ్ళిపోయేవారు. కొబ్బరిచెట్టు కంటే ఎత్తయింది చూడకుండానే నాకు జుట్టు నెరిసిపోయింది.

ఇంతా చేసి అక్కడ చూసిందేవిటి? వేట నిషేధించిన అడివిట. దుప్పులూ, అడివిదున్నలూ, మన వైపు కనబడని పిట్టలూ బోలెడున్నాయిట. "చప్పుడు చెయ్యకుండా రండి" అన్నాడు గార్డు.

"ఆయ్!" అని అరిచేడు మీ తమ్ముడు. పొదలోంచి ఏదో దూకి పారిపోయింది. తోక కూడా కనబడలేదు.

"మాట్లాడకండి బాబూ."

"ఆయ్!" చెట్టు మీద పిట్టలన్నీ లేచిపోయేయి.

"తల ఊపితే చాలు కదయ్యా" అని నేను పళ్ళు నూరితే, "ఆయ్, వదినగారూ!" అని నాకూ అదే. అడివిలో కూడా మర్యాద తప్పకూడదు కాబోలు. మీ వంశమే అంత!

కొండ అంచుకి వచ్చేక గార్డు దణ్ణం పెట్టేడు. "ఇక్కడైనా నోరెత్తకండి."

"ఆయ్!"

ఎదటి కొండ ఆ మాట పట్టుకుని తిరిగి పలికింది. మీ తమ్ముడిది కీచు గొంతు కదా, కొండ మాత్రం నెమ్మదిగా, కాస్త బొంగురుగా అంది. అచ్చం మీరే.

దుప్పులూ వద్దు, దున్నలూ వద్దనిపించింది.

"గార్డుగారూ, మా మరిదికి ఇంకేదైనా చెప్పండి" అన్నాను.