ఎనిమిదో అంతస్తు పావురం గూడు

కామేశ్వరరావు సారుకు,

రెక్కలు రాని పిల్లలను తల్లికి దూరం చేసి సాయంత్రం దీపం పెడితే దేవుడు ఒప్పుకుంటాడా? మీరు మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ, నేను వాచ్‌మన్‌ను. అయినా అడుగుతున్నాను.

తప్పు నాదే. పిల్లల మీద మోహంతో వేటగాడి వలలో పడ్డ పావురం కథను సెల్లారులో నేను చేసే పురాణ ప్రసంగంలో గట్టిగా చెప్పి, పైపులు పోయే డక్టులకు పావురాలు రాకుండా వలలు కట్టడం పాపం కాదన్నది నేనే.

మొన్న భజన బృందంతో పాత ఢిల్లీ వెళ్లాను. ఎర్రకోట ఎదురుగా పక్షుల దవాఖాన ఉంది. ఒక రిక్షా ఆయన బేరం వదులుకుని, రెక్క తెగిన పావురాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. నేను అలాగే చూస్తుంటే మన డ్రైవర్ సాయిలు, "ఏంది సామీ, మనం ఎల్లగొట్టినయే ఈడికొచ్చినట్టున్నయి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పావురం కోసం తొడ కోసి ఇచ్చిన రాజు కథ కూడా మన పురాణాల్లోనే ఉంది. అది నేనెందుకు చెప్పలేదు? ఇటు చూస్తే, ఎనిమిదో అంతస్తులో ఉండే పుణ్యవతమ్మ గారి దగ్గు పావురాల రెట్టల వల్లేనని డాక్టరు అన్నారు. ఆమెదీ ప్రాణమే. ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఏది ధర్మమో తేలడం లేదు.

ఎనిమిదో అంతస్తు డక్టులో రెండు పిల్లలున్నాయి. వల కడితే తల్లి లోపలికి రావడం కుదరదు. అవి ఎగిరేదాకా రోజూ రెట్టలు నేనే కడుగుతాను. పుణ్యవతమ్మ గారిని అంతవరకు డక్టు వైపు కిటికీ మూసి ఉంచమనండి. వల కట్టే పనివాళ్లు ఈరోజు పదింటికే వస్తున్నారు. ఇది చదవగానే ఫోన్ చేసి, ఆ ఒక్క డక్టు ఆపించండి.