నాలుగో స్క్రూ

మహూజ్,
శనివారం పొద్దున.

చిరంజీవి గిడియోన్‌ను ప్రభువు చల్లగా కాయాలని కోరుతూ అమ్మ రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ మనుషులమంతా కులాసా. యంత్రాల సంగతి కింద వస్తుంది, తొందరపడకు. ఒమాన్ ఎండలో నువ్వూ క్షేమమని తలుస్తాను.

నీ మెయిల్‌లో మూడు సంగతులు అడిగావు. నా మోకాలు బతికే ఉంది. మెట్లు దిగేటప్పుడు తన అభిప్రాయం చెబుతుంది. నీ కూతురు లెక్కల పరీక్ష బాగా రాశానంటోంది. ఆ వయసులో నువ్వూ అలాగే అనేవాడివి కనుక మార్కులొచ్చాక నమ్ముతాను. ఇక తుబ్లీలో ఆ కంప్యూటర్ షాపు యజమాని నంబరు. అది ఇవ్వను. ఎందుకో చదువు.

నీకు తెలిసిందింతే. కోడలు బ్లెస్సీ డ్రాయింగులు గీసుకునే కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని, బుధవారం ఆ షాపులో పనిచేసే ముర్తుజా వచ్చి పాత ర్యామ్ పక్కన కొత్తది బిగించి వెళ్లాడు. ఆ సాయంత్రం అది పరుగెత్తింది. గురువారం మధ్యాహ్నం బ్లెస్సీ మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, తెర వెలగలేదు, లోపల్నుంచి మూడు కూతలు. నువ్వు ముర్తుజాకు ఫోన్ చేసి, "దొంగ సరుకు అంటగట్టావు, మళ్లీ మా గడప తొక్కకు, మీ యజమానికి ఫిర్యాదు రాస్తాను" అని అరిచావు. నీకు తెలియదు, పక్కనే ఉన్న యజమానికీ అది వినపడిందట. "ఫిర్యాదు కాగితం మీద వస్తే ఖలాస్, వచ్చే నెల నీ వీసా రెన్యువల్ లేదు" అన్నాడట. ఆ సంగతి ముర్తుజా స్పీకర్ ఫోన్లో బ్లెస్సీకి చెప్పుకుంటుంటే, నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

నిన్న బ్లెస్సీ, పిల్ల చర్చి ఫెలోషిప్‌కు వెళ్లారు. మోకాలి సాకు చెప్పి నేనాగాను. పాస్టరు ఎలియేజరు గారు కంప్యూటర్ కోసం ఫోన్లోనే ప్రార్థన చేశారు. మంచిదే, కానీ ప్లగ్గు తీసి చెయ్యి పెట్టేవాళ్లూ ఒకరుండాలి కదా.

ముప్పై రెండేళ్లు కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలన్నది ల్యాబులో నేను నేర్పే మొదటి పాఠం. ప్లగ్గు తీసి, ఇనప బీరువాను ముట్టుకుని ఒంటిమీది స్థిర విద్యుత్తును దింపుకున్నాను. రెండు ర్యాములూ పీకి, మొదటి గాడిలో పాతది ఒక్కటే పెట్టాను. తెర వెలిగింది. దాని చోట కొత్తది పెట్టాను. అప్పుడూ వెలిగింది. అంటే ముర్తుజా సరుకు నిక్షేపం. రెండో గాడిలో ఏది పెట్టినా మూడు కూతలే. టార్చి వేసి, భూతద్దం పెట్టి చూస్తే గాడి అడుగున తెల్లటి దూదిపోగు. పట్టకారుతో లాగి, రెండూ పెట్టి, రెండు కొసలూ టక్కుమనేదాకా నొక్కాను. కంప్యూటర్ లేచింది. ఈ ఉత్తరం దానిమీదే కొడుతున్నాను.

ఆ దూది నాది, నాయనా.

గురువారం పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు మూత విప్పాను. చెప్పిన సైజుదే పెట్టాడా, తక్కువది పెట్టి ముంచాడా అని నా అనుమానం. కొత్తది పీకి చీటీ చదివాను. చెప్పిందే పెట్టాడు. అంతటితో ఊరుకోక, నా వేలిముద్రలు పడ్డాయని దాని బంగారు అంచును దూదితో తుడిచి మరీ దోపాను. మధ్యాహ్నం బ్లెస్సీ, "అత్తయ్యా, మీరేమైనా కదిపారా?" అంది. "నాకేం పని?" అన్నాను. నువ్వు ఫోన్లో అడిగితే నీతోనూ ఎవరూ ముట్టలేదన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

నిన్న సాయంత్రమే ట్యాక్సీలో తుబ్లీ వెళ్లాను. ముర్తుజాది బోధన్. కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాడు.

"మూత విప్పింది నేను, బాబూ. తప్పు నాది."

"నాకెర్కే అమ్మా."

"ఎలా?"

"బంద్ అయినంక బ్లెస్సీ మేడం మూత ఫోటో పంపింది గదా. నేను నాలుగు స్క్రూలు బిగిచ్చిన. ఫోటోల మూడే ఉన్నయ్."

నాలుగోది నా కళ్లజోడు పెట్టెలో దొరికింది.

"తెలిసీ నోరు మూసుకున్నావేమయ్యా? ఉద్యోగం పోతుంటే మొహమాటమా?" అని కసిరాను.

"ఇంట్ల ఎవరన్న తెరిచిన్రా అని గిడియోన్ సార్‌ను అడిగిన్నమ్మా. 'ఎవరూ ముట్టలేదని మా అమ్మ చెప్పింది. మా అమ్మ అబద్ధమాడదు' అన్నడు. గట్ల అన్నంక నేనేమంట?"

మంచినీళ్ల గ్లాసు బల్లమీద పెట్టి, ఒక తెల్లకాగితం ఇమ్మన్నాను.

యజమానిని పిలిపించి, తప్పు నాదని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. కింద 'రిటైర్డ్ లెక్చరర్' అని రాయబోయి మానేశాను, కాలేజీ ఏం పాపం చేసింది? ఆయన చదివి, "బిల్లు మీ అబ్బాయి పేరున ఉంది. తిట్టిందీ ఆయనే. ఆయన నోటితో చెబితే రెన్యువల్ చేస్తాను" అన్నాడు.

బ్లెస్సీకి భోజనాల దగ్గర చెప్పాను. నా కంచంలో కూర వడ్డిస్తూ, "ఈసారి విప్పేటప్పుడు నన్నూ పిలవండి అత్తయ్యా" అంది. అంతే. నీకు చెప్పడమే కష్టమైంది.

నా మాట పట్టుకుని నువ్వొక మనిషిని దొంగన్నావు. నీ తల్లి పరువు కోసం అతను ఆ మాట మోశాడు. నా క్షమాపణ నేను చెప్పుకున్నాను, నీది నేను చెప్పలేను. షాపు పదింటికి తెరుస్తారు. ముర్తుజాకు ఫోన్ చెయ్యి, యజమానికి ఇవ్వమను. ఇద్దరికీ, మొన్న అరిచిన గొంతుతోనే, "మా అమ్మ అబద్ధమాడింది" అని చెప్పు. నసగకు. ఆ వాక్యం నీకు నోట రాదని తెలుసు, అందుకే రాసిచ్చాను.

ఇట్లు,
నీ మేలు కోరే అమ్మ,
జీవమ్మ