పదకొండు కాడల ఆర్కిడ్ పంపకం

రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలం, గోపన్‌పల్లి నివాసి, కీర్తిశేషులు మల్లయ్య కుమారుడు వీరేశం, వయసు డెబ్బై రెండు సంవత్సరాలు, మొదట కూరగాయల రైతు, తరువాత మాదాపూర్‌లో ఒక ఆఫీసు తోటమాలి, ఇప్పుడు ఏ పనీ లేనివాడు అయిన నేను ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది.

నా తెలివి సరిగానే ఉంది. కుడిచేయి మాత్రం వణుకుతుంది. అందువల్ల నేను చెబుతుంటే పొరుగు ఫ్లాటులోని పుణ్యవతి గారు రాస్తున్నారు. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. రెండేళ్ల కిందట రాసిన వీలునామా దీనితో రద్దవుతుంది. నా తదనంతరం నా మొక్కలను కోడలు కృష్ణప్రియ ముట్టుకోరాదని అందులో ఒక పేరా ఉంది. అది తప్పు. ఎందుకు తప్పో ఆరో పేరాలో చెబుతాను.

1. నా వాటా స్థలం బిల్డరుకు ఇచ్చినందుకు వచ్చిన, మేమందరం ఉంటున్న మూడో అంతస్తు ఫ్లాటు నా కొడుకు శివశంకర్‌కు, కోడలు కృష్ణప్రియకు సమాన హక్కులతో చెందాలి. కాగితాలు బీరువా పై అరలో ఉన్నాయి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత శివశంకర్‌ది. వాడు జీడిమెట్లలో షిఫ్టు దిగి వచ్చాక కూడా నా మొక్కలకు వేసే బొగ్గు సంచులు పైకి మోశాడు. లిఫ్టు చెడిపోయిన రోజుల్లోనూ మోశాడు. అప్పుడు నేను మెచ్చుకోలేదు గాని, చూశాను.

2. ఆఫీసు రిసెప్షన్‌లో ఆర్కిడ్‌లు పెట్టేవారు. పూలు రాలగానే కుండీతో సహా చెత్తలో వేసి కొత్తవి తెచ్చేవారు. బతికున్న మొక్కను చెత్తలో చూడలేక ఒకదాన్ని సంచిలో పెట్టుకుని బయలుదేరాను. గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్ రవీందర్ ఆపాడు. “ఏంది పెద్దమనిషీ, సంచిల ఏం పెట్టినవ్? కంపెనీ సామాను గిట్ల ఎత్కపోతవా?” అని, ఇళ్లకు పోయే ఉద్యోగులందరి ముందు సంచి బోర్లించాడు. అడ్మిన్ మేనేజర్ ఉదయ్ భాస్కర్ గారు కిందికి దిగి వచ్చి, అక్కడే నిలబడి గేట్ పాస్ రాసిచ్చారు. “పూలు రాలిన మొక్క ఒకటి, పనికిరానిది” అని రాసి సంతకం పెట్టారు. పదకొండేళ్లలో ఆయన అలా ముప్పై ఎనిమిది పాసులు రాశారు. ఒక్కసారీ విసుక్కోలేదు. నా పసుపుపూల ఆర్కిడ్ ఆయనకు చెందాలి. మొగ్గ మీద ఉన్నప్పుడు తీసుకెళ్లి ఇవ్వండి.

3. రవీందర్‌కు నేనేమీ రాయడం లేదు. అయితే అతను తన డ్యూటీ చేశాడని ఇప్పుడు అనిపిస్తున్నది. ఎప్పుడైనా వచ్చి అడిగితే ఒక మొక్క ఇవ్వవచ్చు. గేట్ పాస్ చూపించాకే ఇవ్వాలి.

4. మొదటి నాలుగు మొక్కలను చంపింది నేనే. వంకాయ పండించిన చేతులు కనుక ఎర్రమట్టిలో పశువుల పెంట కలిపి, మొదలు గట్టిగా అదిమి, రెండు పూటలా నీళ్లు పెట్టాను. వేళ్లు కుళ్లిపోయాయి. పుణ్యవతి గారు తన బాల్కనీలోంచి చూసి, “అది మట్టిలో పుట్టిన మొక్క కాదండీ, చెట్టు కొమ్మను పట్టుకుని బతికేది. కాస్త ఊపిరాడనివ్వండి దాన్ని” అన్నారు. మట్టి మాని బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి పీచు ముక్కలు వేయడం ఆమె నేర్పిందే. సాక్షి సంతకం చేసేవారికి వీలునామాలో ఏమీ రాయకూడదట. అందుకే ఆమెకు ఇవ్వదలచిన మొక్కను నిన్ననే ఇచ్చేశాను. “నా సంగతి ఎందుకండీ ఇందులో” అని ఇప్పుడు కలం ఆపారు. రాయమన్నాను.

5. మనవరాలు రసజ్ఞకు, గులాబీరంగు ఆర్కిడ్ కాడ మీద పుట్టిన పిల్ల మొక్క చెందాలి. వేళ్లు తన చిటికెన వేలంత పొడవు వచ్చాకే దాన్ని తల్లి నుంచి వేరుచేయాలి. వారానికోసారి వేలు పెట్టి కొలవవచ్చు. లాగి చూడకూడదు. ఒకసారి లాగింది. నాకు తెలుసు.

6. ఇక పెద్ద కుండీ. అందులో ఉన్నది ఐదో పాసుతో వచ్చిన తెల్లపూల ఆర్కిడ్, నా చేతిలో చావకుండా నిలిచిన మొదటి మొక్క. ఏడేళ్ల కిందట నా భార్య అంజమ్మ మా పాత ఇంటి నీళ్ల కుండ పగిలితే ఆ పెంకులు వేసి దీన్ని ఈ కుండీలో నాటింది. మరుసటి ఏడు ఆమె పోయింది. ఆ తరువాత ఆ కుండీని ఎవరినీ విప్పనివ్వలేదు, నేనూ విప్పలేదు. రెండు మూడేళ్లకోసారి విప్పి కొత్త బొగ్గు వేయాలని తెలిసీ విప్పలేదు. ఇప్పుడు పదకొండు కాడలున్నాయి. వేళ్లు కుండీని చీల్చాయి. నడుమ కుళ్లు మొదలైంది. ఈ ఏడు పూయలేదు. విడదీయకపోతే మొత్తం పోతుంది. వణికే చేయితో నేను కోయలేను. కోయగలిగిన మనిషి ఇంట్లో ఒక్క కృష్ణప్రియే. ఆమెను వద్దన్నది నేనే.

మూడేళ్ల కిందట నేను పన్నెండు రోజులు దవాఖానలో ఉన్నాను. అప్పుడు ఊదాపూల ఆర్కిడ్ మొదలు కుళ్లుతుంటే ఆమె కత్తిని మంట మీద కాల్చి, మొక్కను రెండుగా కోసి, గాయాలకు పసుపు అద్ది వేరే కుండీల్లో పెట్టింది. నేను ఇంటికొచ్చి, చూడవచ్చిన చుట్టాల ముందు “నేను సావకముందే పంపకాలు పెట్టినవా?” అన్నాను. “కుళ్లిపోతోంది మావయ్యా, ఆగితే మొత్తం పోయేది” అంది. “ఇగ చెట్లకు చెయ్యి పెట్టకు” అన్నాను. ఆ రోజు నుంచి పెట్టలేదు. నేను ఊళ్లో లేనప్పుడు వాచ్‌మన్ వేణును పిలిచి నీళ్లు పోయించింది.

మరుసటి ఏడు ఆ రెండు ముక్కలూ పూశాయి. ఆమె కంటపడకుండా రెండు కుండీలనూ వెనక బాల్కనీలో వాషింగ్ మెషిన్ చాటున పెట్టాను. బట్టలు ఆరేయడానికి వచ్చి చూసింది. “పూలు బాగున్నాయి మావయ్యా” అని మాత్రం అంది. నేను తలాడించాను. ఆ పూలు చూశాక కూడా పాత వీలునామాలో ఆ పేరా రాయించాను.

కనుక నా అంటు కత్తి, వెనక మొక్కలు పూసిన తేదీలు రాసిపెట్టిన ఆ ముప్పై ఎనిమిది పాసులు, పైన చెప్పని మొక్కలన్నీ, పెద్ద కుండీని విప్పి పంచే హక్కు కృష్ణప్రియవి. ఏ ముక్కలోనూ కాడలు మూడుకు తగ్గకూడదు. ఆకులు రాలిన పాత కాడను పారేయకూడదు. కొత్త మొలకకు తిండి పెట్టేది అదే. ఆమెకు తెలియదని రాయించడం లేదు.

7. ఇక్కడికి వచ్చేసరికి పుణ్యవతి గారు, “వీలునామా మీరు పోయాకే కదండీ చెల్లేది. ఆ మొక్క అంతదాకా ఆగుతుందా?” అని అడిగారు. ఆగదు. అంచున రెండు మొలకలు వచ్చాయి. వాటికి వేళ్లు దిగే రోజులివే. రాయడం ఆపించి కృష్ణప్రియను బాల్కనీలోకి పిలిచాను. “పెద్ద కుండీ విప్పుదాం బిడ్డా. ఆనాడు నువ్వు చేసిందే కరెక్టు. నేనే తప్పు మాట్లాడిన” అన్నాను. ఆమె కాసేపు నా చేతిని చూసింది. “మీరు పట్టుకోండి మావయ్యా, నేను కోస్తాను” అంది.

కుండీని పగలగొట్టవలసి వచ్చింది. అంజమ్మ వేసిన పెంకులను వేళ్లు అల్లుకుని ఉన్నాయి. ఊడదీస్తే వేళ్లు తెగుతాయని వాటితోనే కొత్త కుండీల్లోకి దించాము. నాలుగు, నాలుగు, మూడు కాడలతో మూడు ముక్కలయ్యాయి. మొలకలున్న రెండూ ఆమెవి. మూడోది నేనున్నన్నాళ్లు నాది, తరువాత అదీ ఆమెదే.

విప్పే హక్కు ఇప్పుడే ఇచ్చేశారు కనుక ఆరో పేరాలో ఆ మాట కొట్టేయమంటారా అని పుణ్యవతి గారు అడిగారు. వద్దన్నాను. కాగితం మీద ఉండాలి.

శుక్రవారం దాకా నీళ్లు పోయవద్దని కృష్ణప్రియ చెప్పింది. పోయను.

గోపన్‌పల్లి,
2025 మార్చి 9, ఆదివారం.

(సంతకం) వీరేశం

పైన రాసినదంతా వీరేశం గారు చదివించుకుని విని, మా కళ్ల ముందు తన చేత్తో సంతకం చేశారు. ఆయన ఎదుట మేము సంతకాలు చేశాము.

సాక్షులు:
1. పుణ్యవతి, పొరుగు ఫ్లాటు, రిటైర్డ్ ప్రభుత్వ ఉద్యోగి (రాసినవారు కూడా)
2. వేణు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్