చలిమంట పైన వేలాడే పిస్తోలు

థెల్మాకు,

నేను కులాసా, మోకాలు కూడా మాట వింటోంది.

బాలరాట్‌లో పాత తుపాకులు పోగుచేసే మా వాళ్ల విందులో ప్రతివాడూ తను మొదట కొన్న పిస్తోలు కథ చెప్పాలి, అది ఆచారం. మన పెళ్లయిన ఏడాది పొలం వేలంలో గొర్రెల కత్తెరలతో కలిపి కొన్నదాని గురించి చెప్పాను. ఇనుప పీచుతో అద్దంలా తోమి దాని పాతదనమంతా పోగొట్టానంటే అందరూ పగలబడి నవ్వారు. వాళ్లూ మొదటిదాన్ని అలాగే పాడుచేశారట. ముసలి మెర్విన్ మాత్రం నవ్వలేదు.

"తోమావు సరే క్లారీ, గొట్టంలోకి పుల్ల దించి చూశావా? అడుగుదాకా దిగకపోతే లోపల మందూ గుండూ ఉన్నట్టేనయ్యా" అన్నాడు.

ముప్ఫై ఏళ్లలో నాకు ఆ సంగతి తోచనే లేదు.

ఫోను చేద్దామంటే అన్ని ఇళ్లకూ ఒకటే లైను, ఊరంతా వింటుంది. కార్డయితే పోస్టుమాన్ ఒక్కడే చదువుతాడు. ఇది అందగానే చలిమంట ఆర్పి, ఆ పిస్తోలును గోడ మీంచి మెల్లగా దింపి, ఉన్ని కొట్టంలో పెట్టి తాళం వెయ్యి. పుల్ల నువ్వు దించకు, గురువారం వచ్చి నేనే చూస్తాను. ఎవరు నింపారో, ఎవరి కోసమో, ఎందుకు పేల్చలేదో అని ఒకటే ఆలోచన.

ఎర్రావు ఈనిందా? మనవరాలు గ్వెన్‌కు ముద్దులు.

నిప్పు రాల్చే చెకుముకి రాయి లేక పిస్తోలు కొక్కెం బోసిగా ఉందని నువ్వు ఏటా సణిగేదానివి. రాయి లేదు గనకే, ప్రతి క్రిస్మస్‌కీ పిల్లలు ఒకరి మీదొకరు గురిపెట్టి మీట నొక్కినా ఏమీ కాలేదు. నీ కోసం ఇవాళ పొద్దున్నే, ఈ సంగతి తెలియక ముందే, ఆ రాయి కొన్నాను. అది నా జేబులోనే ఉంటుంది.

నీ క్లారీ