మూడో గ్లాసు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరూ క్షేమం. అందరూ అంటే నేనొక్కణ్ణే కనుక ఆ మాట రాయడం తేలికే.

నీ ప్రశ్నలకి ముందు జవాబులు. బీపీ మాత్రలు మానలేదు. అమ్మ బీరువా ఇంకా తెరవలేదు, తెరిచినప్పుడు రాస్తాను. ఇంటికి ఎవరైనా వస్తున్నారా అన్నావు. నెల కిందట ఒక ఆదివారం మా కొలతలాఫీసు తక్కెడని భోజనానికి పిలిచాను. ఒక పక్కకి ఒరిగి నడుస్తాడని చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరే. ఇప్పుడు ఆఫీసంతా అలాగే పిలుస్తోంది. స్కూటరు మీద వచ్చాడు. విస్కీ సీసా తీశాను.

మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి, మన వీధి మలుపులోనే సైకిలు మీద వస్తున్న దర్జీని గుద్దాడు. దర్జీకి కుడి మణికట్టు విరిగింది. తక్కెడకి మోకాలు గీరుకుంది, లైసెన్సు పోయింది. కంగారు పడకు, ఇద్దరూ కోలుకుంటున్నారు.

హెడ్ కానిస్టేబుల్ మన హాల్లో కూర్చుని, "ఎంత పోశారు సార్?" అని అడిగాడు.

"రెండు. చిన్నవి."

రాసుకుని వెళ్ళాడు. వకీలు మిత్రుణ్ణి కలిశాను. "ఇల్లు నీది, సీసా నీది, పోసిన చెయ్యి నీది. తూలుతున్నవాడికి తెలిసి పోస్తే దర్జీ నీ మీద కూడా దావా వెయ్యొచ్చు. రెండే అన్నావుగా, ఇంక నోరు మూసుకుని కూర్చో" అన్నాడు.

నాలుగు రోజులు అలాగే కూర్చున్నాను.

రెండు కాదమ్మా. రెండయ్యాక వాడు గ్లాసు బోర్లించి, "ఇంక లేస్తా అన్నయ్యా, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు. ఆ గ్లాసు నేనే తిప్పిపెట్టి నిండా పోశాను. కొట్టువాడి లీటరు డబ్బా చుక్క తక్కువ పట్టినా జరిమానా రాసేవాణ్ణి, ఆ పూట కొలత చూడలేదు. వాడు లేస్తే ఇల్లు ఖాళీ అవుతుంది. అందుకు పోశాను. మనుషుల్ని పిలవమని నువ్వు రాసినందుకు కాదు; నీ నెత్తిన వేసుకోకు.

ఐదో రోజు స్టేషనుకి వెళ్ళి మూడని రాయించాను. అట్నుంచి అటే దర్జీ కొట్టుకి వెళ్ళి అదే చెప్పాను.

ఆయన విని, "చెయ్యి విరిగింది నాకైతే మొహం వేలాడేసుకున్నది మీరా? బాగుందండీ వరస!" అన్నాడు.

వాళ్ళావిడ ఊరుకోలేదు. "పోసేటప్పుడు ఎక్కడికి పోయింది ఈ బుద్ధి? కట్టు విప్పేదాకా బట్ట మీరే కత్తిరించండి. కొలతలాఫీసు ఆయనేగా!"

ఎగతాళికే అంది. నేను మర్నాడు వెళ్ళాను. ఆయన ఎడం చేత్తో సుద్దగీత గీస్తాడు, దాని వెంబడి నేను కత్తెర నడుపుతాను. రెండు చొక్కాలు తగలేశాను. "ఇది చొక్కానా, దిండు గలీబా?" అంటుంది ఆవిడ. మూడు వారాలుగా ఆఫీసుకి ముందు రెండు గంటలు అక్కడే. తిట్లు, మిషను చప్పుడు, మధ్యలో టీ. బాగుంది. దావా సంగతి వాళ్ళింకా తేల్చలేదు. నేనూ అడగలేదు. పిలిస్తే వెళ్ళి ఉన్నది చెప్తాను. మూడని రాయించిన రోజు నుంచి నిద్ర పడుతోంది.

మొన్న ఆదివారం తక్కెడ మళ్ళీ వచ్చాడు, నడిచి. టీ ఇచ్చాను. తాగి, "లేస్తా అన్నయ్యా" అన్నాడు. మంచిదన్నాను. మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి కప్పులు కడిగాను.

ఇట్లు,
నీ నాన్న