సరిహద్దు దగ్గర మీ నాన్న తేనె

యూక్లా, గురువారం

గ్లెనిస్, నేను క్షేమంగానే ఉన్నాను, మోకాళ్ళు మాత్రం కాస్త వాచాయి. ఆదివారం నాన్న తేనెపెట్టెలు కొనడానికి కీత్ వస్తే, అమ్మడం లేదని చెప్పు. ఎందుకో రాస్తున్నాను.

పడమటి రాష్ట్రంలోకి పళ్ళు తీసుకెళ్ళనివ్వరని నా ఆపిల్ పళ్ళన్నీ నిన్ననే తినేశాను. తేనె కూడా దాటనివ్వరని నాకు తట్టనే లేదు. బెరిల్ పిన్నికని తెచ్చిన సీసా, నాన్న తన చేత్తో తీసినవాటిలో ఆఖరిది. తనిఖీ గేటు ముందు ఆ మాట తెలిసి, ఇది మా ఆయన తీసిన తేనె అంటూ ఏడ్చేశాను. మా టూరు బస్సు డ్రైవరు డార్సీ, "చెత్తబుట్టలో ఎందుకు పెద్దమ్మా, మా కడుపులు లేవూ?" అంటూ బస్సు పక్కకు ఆపి, మధ్యాహ్నానికి దాచిన రొట్టెలు తీశాడు. ఇరవైమందీ ఎండలో నిలబడి, ఈగలు తోలుకుంటూ సీసా ఖాళీ చేశారు. వెనక సీటు ముసలాయన వేళ్ళు నాకుతూ, "ఇంత మంచి తేనె తీసే మొగుణ్ణి ఇంట్లో దాచి ఒక్కదానివే షికారుకొచ్చావేం?" అన్నాడు. పోయాడని చెప్పడానికి నోరు రాలేదు. "ఆయన కూడా వస్తే తేనెటీగల్ని ఎవరు చూస్తారు?" అనేశాను.

నిన్న సముద్రంలో తిమింగలాన్నీ దాని పిల్లనీ చూశాను. అంత లోతు నీళ్ళలో ఆ పిల్ల ఎలా ఉంటుందోనని ఒకటే దిగులు. గ్యాసు కట్టేశానో లేదో ఒకసారి వెళ్ళి చూడు. కుక్కకు చల్లటి పాలు పొయ్యకు. పిల్లలకు నా ముద్దులు, అందరూ చల్లగా ఉండండి.

తేనెపెట్టెల దగ్గర తొట్టిలో నీళ్ళు పోసి, తేనెటీగలు మునిగిపోకుండా నాలుగు పుల్లలు వెయ్యి. నాన్న అలాగే వేసేవాడు. వచ్చాక నేను వేస్తాను.

అమ్మ