పాతాళానికి దారి నాకు చెప్పావు

బుజ్జీ, ఎలా ఉన్నావమ్మా? ఆ పచ్చకామెర్లు నిన్ను తీసుకుపోయి ఏడు నెలలైంది. నేనిలాగే ఉన్నాను. కొబ్బరి ఈనెలు తీస్తున్నాను, చీపుళ్ళు కడుతున్నాను. చేతులు ఆడుతున్నాయి, అంతే...

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక హేమ, రోజీ వచ్చారు. నీతో అమలాపురంలో కంప్యూటరు నేర్చుకున్న పిల్లలే. మీరు పాచికలేసి ఆడే ఆ వీరుల ఆట నోటుబుక్కు తెచ్చారు. నువ్వు పోయాక అది తెరవనే లేదట.

ఆటలో నువ్వు వేసే వీరవనిత నీలవేణి పేజీ చూపించారు. పాతాళంలో దాచేసిన సూర్యుణ్ణి తేవడానికి దానికి మూట కూడా కట్టి ఉంచావు. తాడు, కాగడా, కత్తి, మూడు రోజులకి తిండి. పెరుగన్నం పెట్టుకోమంటే ఎంత నవ్వావు! "రాక్షసుడి దాకా ఎందుకమ్మా, ఆ పులిసిన వాసనకే చచ్చిపోతాం."

దారి మాత్రం పుస్తకంలో లేదు. రాయకూడదట కదా? బయల్దేరే ముందు ఇంట్లో ఒక్కరికి నోటితో చెప్పి ఉంచాలట. ఆ మనిషికి గుర్తుంటేనే వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారట. నువ్వు అక్కడ నా పేరు రాశావు. దారి తెలీకపోతే నీలవేణిని ఆటలోంచి తీసెయ్యాలట. ఏం చెప్పిందాంటీ అని అడిగారు.

ఏం చెప్పను? వారం రోజులు పక్కన కూర్చుని చెప్పావు. నేను ఊ కొట్టాను. ఒళ్ళు అలిసిపోయి, కళ్ళు ఈనెల మీదే పెట్టి, ఊ, ఊ అన్నాను. ఏమీ వినలేదమ్మా. "వింటున్నావా? నువ్వు మర్చిపోతే నేనక్కడే ఉండిపోతాను మరి!" అన్నావు. దానికీ ఊ అన్నాను... ఆ మాటని ఇప్పుడెక్కడ పెట్టుకోను?

పిల్లలకి నిజం చెప్పేశాను. హేమ పెన్ను తీసింది. తీసింది గానీ నీ పేరు మీద గీత గియ్యలేకపోయింది.

అప్పుడు ఒక్కటి గుర్తొచ్చింది. నువ్వు దారి చెబుతుంటే నా పేరు వినబడి ఒక్కసారి తలెత్తాను కదా... "నల్లేటి దగ్గర పడవాయన ఎవరు నువ్వని అడుగుతాడు. సొంత పేరు చెప్పామా, ముంచేస్తాడు. మార్తమ్మగారి కూతుర్నండీ అంటే దాటిస్తాడు."

అది చాలంది రోజీ. మిగతా దారి పాచికలతో వెతుక్కుంటారట. వచ్చే ఆదివారం మన అరుగు మీదే ఆడతారు. నీ పాచికలు నన్ను వెయ్యమన్నారు.

ఆ పూట ఈనెలు ముట్టను. పడవాయన అడగ్గానే నేనే గట్టిగా చెబుతాను... మార్తమ్మ కూతురొచ్చిందండీ, దాటించండి అని.

అమ్మ